గోటితో రెండు తట్లు

మొన్న రెంజల్ నుంచి ఒక రైతు మా దగ్గరికి వచ్చాడు. పసుపు ఉడికించే బాయిలర్‌కు మేం బిగించే మీటరు డబ్బా కావాలన్నాడు. చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, దాని అద్దం మీద గోటితో రెండుసార్లు తట్టి, "గిది అబద్ధమాడే టైం ఎప్పుడు?" అని అడిగాడు.

బల్ల అవతల వైర్లు అతికిస్తున్న నవీద్ తలెత్తి నా వైపు చూశాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగితే, బాయిలర్ నడిపేవాళ్లందరూ డబ్బా తీసుకునేటప్పుడు ఇట్లాగే తట్టి అడుగుతారు కదా అన్నాడు, తాతల నాటి ఆచారమైనట్టు. ఆ ఆచారం వయసు నాలుగేళ్లు. దాన్ని పుట్టించిన మనిషి పోయిన వానాకాలం బోధన్‌లో చనిపోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒత్తిడి కొలిచే గేజీ మీద కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉంటే లోపలి ముల్లు అంత నాసిరకం అనేది ఆయన అనుభవం. తన పేరు అచ్చులో కనబడితే ముందు ఆ కాగితాన్నే అనుమానించేవాడు. మేం కాకా అని పిలిచేవాళ్లం, ఇక్కడా అంతే. ఆయన గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నాకొక మాట అడ్డం పడుతుంది. ఆయన అన్నది కాదు, ఆయన గురించి నేను అన్నది. మూడు ముక్కల మాట. దాన్ని దాటేసి ఆయన్ను ఎంత పొగిడినా అది దొంగ ఏడుపే అవుతుంది. దాని దాకా వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

అప్పట్లో మాది కంపెనీ అంటే మాకే నవ్వొచ్చేది. నిజామాబాద్‌లో మా ఇంటి ముందుగది. అందులో సగం మా అమ్మది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లతో కలిసి చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. మిగిలిన సగం నాదీ, నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన నవీద్‌దీ. మా క్లాసులో చాలామంది హైదరాబాద్ హాస్టళ్లకు చేరిపోయారు. మేం మాత్రం ఇక్కడే ఏదో చేస్తామని భీష్మించుకు కూర్చున్నాం. మా సర్క్యూట్ల మీద తంబాకు పొడి పడుతుండేది, మేం పెయింట్ బ్రష్‌తో దులుపుకునేవాళ్లం.

పసుపును తవ్వాక ఉడకబెట్టాలి. ఇప్పుడు ఊళ్లలో ఆ పనికి ట్రాలీ మీద తిరిగే ఆవిరి బాయిలర్లు ఉన్నాయి. నడుమ నీళ్ల ట్యాంకు, కింద కట్టెల మంట, చుట్టూ నాలుగు డ్రమ్ములు. ట్యాంకులోని ఆవిరి పైపుల గుండా డ్రమ్ముల్లోకి పోతుంది. ఆవిరి చాలకపోతే కొమ్ము లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఎక్కువైతే చితికి రంగు చెడుతుంది. ట్యాంకులో ఒత్తిడి ఎంతుందో అంకెల్లో చూపించి, ఏ డ్రమ్ము ఎప్పుడు ఆపాలో చెప్పే డబ్బా మేం చేసింది.

ఆ అంకె సరైందో కాదో తేల్చుకోవడానికి మాకు నమ్మకమైన గేజీ ఒకటి కావాల్సి వచ్చింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో గేజీల సెక్షన్‌లో పనిచేసిన పెద్దాయన ఉన్నాడని ఒక రైస్ మిల్లులో చెప్పారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల మిల్లుల గేజీలన్నీ ఆయన చేతి మీదే బాగయ్యేవట. వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి పక్కన రేకుల షెడ్డు, లోపల బల్ల మీద ఒక ఇత్తడి పరికరం. దాని మీద గుండ్రటి తూకపు బిళ్లలు ఒక్కొక్కటే పేరుస్తుంటే ఒత్తిడి ఎంతో తప్పు లేకుండా తెలుస్తుంది. ఫ్యాక్టరీ తుక్కు అమ్మినప్పుడు కొనుక్కున్నాడట. దానికి ఉతికిన తెల్ల తువ్వాలు కప్పి ఉంచాడు. ఆయన భుజం మీది తువ్వాలు మాత్రం నూనె మరకల మయం.

నేనెవరినో ఆయన అడగలేదు. డబ్బా అందుకుని గోటితో రెండుసార్లు తట్టి ఆ ప్రశ్న వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇది అబద్ధమాడదండీ అని, సెన్సర్ గొప్పతనం గురించి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. అంతా విన్నాడు.

"అబద్ధమాడని మీటర్‌ను నలభై ఏండ్లల్ల నేను సూడలే బిడ్డా," అన్నాడు. "ఎండకు ఆడేదొకటి, సలికి ఆడేదొకటి. ఎప్పుడు ఆడుతదో ఎరుకైతే దానితోని పని చేసుకోవచ్చు. ఎరుక లేకపోతెనే పరేషాన్."

రెండు గంటలు బిళ్లలు పెట్టీ తీసీ పరీక్షించాడు. చివరకు "పనికొస్తది" అన్నాడు. ఇంత చేసి ఇదేనా అని ఉసూరుమన్నాను. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు లేదని తర్వాత తెలిసింది. ఏ గేజీనీ సరైనదని ఆయన ఎన్నడూ అనలేదు.

తర్వాతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి బోధన్ బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. డబ్బా ఎట్లున్నదో సూసి పోదామని వచ్చిన అన్నాడు. మంగళవారం కూడా వచ్చాడు. రమ్మని మేం పిలవలేదు, వద్దనీ అనలేదు. వారం తిరిగేసరికి అమ్మ ఆయనకు కూడా బియ్యం పోయడం మొదలుపెట్టింది.

జీవితమంతా చక్కెర మధ్య గడిపిన మనిషి చక్కెర లేని చాయ్ తాగేవాడు. చేతి గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుందని గర్వంగా చెప్పేవాడు. మార్పించుకోవచ్చు కదా కాకా అంటే, "ఎంత ఎనకవడతదో నాకు తెల్సు గదా, ఇంకేం గావాలె," అనేవాడు. ఒకసారి నవీద్ ఆయన్ను బీపీ చూపించడానికి తీసుకెళ్తే, డాక్టర్ చేతికి పట్టీ చుడుతుండగా ఆ మెషిన్ ఎప్పుడు అబద్ధమాడుతుందని అడిగాడు. డాక్టర్‌కు కోపమొచ్చింది. కాకాకు మాత్రం డాక్టర్ మీద జాలి కలిగింది, పాపం ఆయనకు తన మెషిన్ గురించి ఎరుక లేదని. మేం విజిటింగ్ కార్డులు కొట్టించినప్పుడు సలహాదారు అని ఆయనకూ ఒక కట్ట చేయించాం. వాటి మందం కుదిరిందని స్విచ్చిల సందులు కొలవడానికి వాడుకున్నాడు. ఒక్కటి కూడా ఎవరికీ ఇచ్చినట్టు నేను చూడలేదు.

మా డబ్బాలో అంకె నిలకడగా ఉండేది కాదు. మంట మీద ఆవిరి ఎప్పుడూ ఒక్కలా ఉండదు కాబట్టి రెండు పాయింట్ ఒకటి, రెండు పాయింట్ మూడు, మళ్లీ రెండు అంటూ అంకె వణుకుతుండేది. మా పరికరాన్ని మొదటిసారి చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ వణుకు చూసి నవ్వాడు. ఇదింకా నడక నేర్చుకుంటున్నట్టుందే అన్నాడు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది. ఇంటికొచ్చి ప్రోగ్రాం మార్చాను. ఇక అంకె ఉలకదు పలకదు. చాలాసేపటి సగటు తీసుకుని, పెద్ద మార్పు వస్తే తప్ప కదలకుండా కట్టేశాను.

కాకా అది చూసి రెండుసార్లు తట్టాడు. కాసేపు చూసి మళ్లీ తట్టాడు. "వణుకుతుంటెనే గది బతికున్నట్టు," అన్నాడు. "గిప్పుడు గిది సచ్చిపోతే నీకెట్ల ఎరుక?"

చూసేవాళ్లకు నమ్మకం కలగాలి కదా కాకా అన్నాను. హైదరాబాద్ నుంచి ఇద్దరు వస్తున్నారని అప్పటికే కబురు అందింది. ఊళ్లలో పుట్టే ఇట్లాంటి చిన్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవాళ్లు వాళ్లు. నందిపేట్ దగ్గర ఒక పొలంలో మా డబ్బా పనిచేయడం చూసి, నచ్చితే మమ్మల్ని నిలబెడతారు. నచ్చకపోతే వచ్చే ఏడాదికి నేనూ నవీద్ చెరో ఉద్యోగం వెతుక్కోవాల్సిందే. అమ్మ వేళ్లు అప్పటికే ఆకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాచి ఉన్నాయి. ఇంకో ఏడాది ఆగమని అడిగే ముఖం నాకు లేదు.

అంకెను కట్టేయడం నా మొదటి తప్పు. రెండోది, వాళ్లు వచ్చే రోజు పొద్దున బాయిలర్ నడిపే రాజన్నతో మాట్లాడటం. ఒత్తిడి హద్దు దాటితే ట్యాంకు మీది వాల్వు దానంతటదే లేచి ఈల వేస్తూ ఆవిరి వదిలేస్తుంది. అది ప్రాణాలు కాపాడే ఈల. కానీ అలవాటు లేనివాళ్లు ఉలిక్కిపడతారు. అందుకని, ఇయ్యాల జర చప్పుడు తక్కువుండేటట్టు చూడన్నా అని రాజన్నకు చెప్పాను. సరే అక్కా అన్నాడు. ఆయన ఏం చేస్తాడో నేను అడగలేదు. పసుపు కాలంలో బాయిలర్ కోసం ఊరంతా వరుసలో ఉంటుంది. ఈల వేసిన ప్రతిసారీ ఆవిరి పోయి, కట్టెలు పోయి, తర్వాతి రైతుకు ఆలస్యమవుతుంది. అందుకని ఈల వేయకుండా వాల్వు మీటకు ఒక రాయి వేలాడదీయడం బాయిలర్లవాళ్లకు తెలిసిన పనే. రాజన్న రాయి కట్టి, కనబడకుండా గోనెసంచి కప్పాడు.

పది గంటలకల్లా వాళ్లిద్దరూ కారు దిగారు. పసుపు కుప్ప దగ్గర నలుగురు ఆడవాళ్లు గంపలకెత్తుతున్నారు. నేను మాట్లాడుతూ ఉన్నాను. మా డబ్బా అద్దం మీద రెండు పాయింట్ ఒకటి అని ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది. వచ్చినవాళ్లలో ఒకాయన దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. రాజన్న ఇంకో నాలుగు కట్టెలు మంటలోకి తోశాడు. అంకె కదల్లేదు. మళ్లీ తోశాడు. అప్పుడూ కదల్లేదు. నాకు లోపల సంతోషంగానే ఉంది, ఎంత బుద్ధిగా నిలబడిందో అని.

కాకా డబ్బా దగ్గరికి వచ్చి గోటితో తట్టాడు. తర్వాత ట్యాంకు నుంచి మా సెన్సర్‌కు వచ్చే సన్నటి పైపును స్పానర్‌తో తట్టాడు. బోలుగా మోగాల్సింది మొద్దుగా మోగింది. బోరు నీళ్ల ఉప్పు గట్టిపడి ఆ పైపు మూసుకుపోయింది. ఎప్పుడో లోపల చిక్కిన ఒత్తిడినే మా డబ్బా ఇంకా చూపిస్తోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆయనకు ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది. ట్యాంకు అతుకుల దగ్గర ఆవిరి సన్నగా, పదునుగా బుసకొట్టడం మొదలైంది. ఆయన నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, మంట తీయించు. మనుషుల్ని జరుపు."

"పది నిమిషాలు కాకా," అన్నాను, పళ్ల మధ్య నుంచి.

"అంకె సచ్చిపోయింది. పది నిమిషాలు లేవు."

ఫొటో తీసుకున్నాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమైనా ఇబ్బందా, ఈయన మీ టీమేనా అని అడిగాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"మా మనిషి కాదు," అన్నాను. "ఊళ్లో పెద్దాయన, చూడ్డానికి వచ్చాడు."

కాకా నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. గేజీని తట్టి చూసేటప్పుడు ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. కుప్ప దగ్గరి ఆడవాళ్లను ట్రాక్టర్ అవతలికి పొమ్మన్నాడు. వాళ్లు మారు మాట్లాడకుండా పోయారు. పొడుగు కొక్కెం తీసుకుని మండుతున్న కట్టెలను తనే బయటికి లాగడం మొదలుపెట్టాడు. నవీద్ పరుగెత్తి సాయం పట్టాడు. తర్వాత కాకా డ్రమ్ముల వాల్వులు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తిప్పాడు. ఆఖరున ఇంకో గోనెసంచి నీళ్లలో ముంచి కుడిచేతికి చుట్టుకుని, ట్యాంకు పక్కన నిచ్చెన ఎక్కి, కప్పిన సంచి తీశాడు. రాయి అప్పుడే నా కంటబడింది.

ఆయన రాయిని తప్పించగానే ఆవిరి పైకి లేచింది. ఆ మోతకు మాటలు వినబడలేదు. ఆగుతుందనుకుంటే ఆగలేదు. లోపల ఎంత ఒత్తిడి ఉండిందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేంతసేపు పోయింది. ఆయన నిచ్చెన దిగేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం ఎర్రగా పొంగి ఉంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆవిరంతా పోయి ట్యాంకు చల్లబడుతున్నప్పుడు కూడా మా డబ్బా రెండు పాయింట్ ఒకటి అనే చూపిస్తోంది.

నవీద్ ఆయన్ను బండి మీద ఎక్కించుకుని నందిపేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను వెళ్లలేదు. వచ్చినవాళ్లకు సంజాయిషీ చెబుతూ నిలబడిపోయాను. ఆయన చేయి కాలితే నేను సెన్సర్ గురించి మాట్లాడాను. వాళ్లు మర్యాదగా విని, మర్యాదగానే కారెక్కారు. మళ్లీ ఫోన్ చేయలేదు. చేస్తారని నేను అనుకోనూ లేదు.

ఇంటికెళ్లి డబ్బాలన్నీ అట్టపెట్టెలో పడేసి మంచం కిందికి తోసేశాను. ఇక చాలమ్మా అన్నాను. దుకాణం మూసేయాలని నేను తేల్చుకున్నది పెట్టుబడి పోయినందుకు కాదు. పొద్దున తొమ్మిదింటికి బోధన్ బస్సు వస్తుంది. అందులో ఆయన రాకపోతే ఎట్లా అని భయం, వస్తే ఎట్లా అని ఇంకా పెద్ద భయం.

మర్నాడు ఆయన ఎనిమిదింటికే వచ్చాడు. అమ్మ ఇంకా చాట దించలేదు, నేను ముఖం కూడా కడుక్కోలేదు. ఆయన కుడిచేయి కట్టుతో మెడకు వేలాడుతోంది. గదంతా కలయజూసి డబ్బాలేవని అడిగాడు. మంచం కింద నుంచి అట్టపెట్టె లాగాను. ఒకదాన్ని తీసి, అలవాటు లేని ఎడమచేతి గోటితో రెండుసార్లు తట్టాడు.

"గిప్పుడు సెప్పు. గిది అబద్ధమాడే టైం ఎప్పుడు?"

ఆ ప్రశ్నకు నేను మొదటిసారి నిజమైన జవాబు చెప్పాను. పైపు మూసుకుపోయినప్పుడు, అని. నేను అంకెను కట్టేసినప్పుడు, అని కూడా. ఆయన తలూపి చాయ్ అడిగాడు.

ఆ వేసవంతా కూర్చుని డబ్బాను మార్చాం. అంకెను మళ్లీ వణకనిచ్చాం. ఇంకో చోట ఇంకో సెన్సర్ పెట్టాం. మంట ఉండీ అంకె కదలకపోతే వెలిగే పసుపుపచ్చ దీపం ఒకటి అమర్చాం. అది వెలిగిందంటే నన్ను నమ్మొద్దని డబ్బా తానే చెబుతున్నట్టు. కాకా ఊరూరా తిరిగి బాయిలర్ నడిపేవాళ్లకు దాన్ని చూపించాడు. ఎక్కడికి వెళ్లినా ముందు వాల్వు మీది సంచి ఎత్తి చూసేవాడు. ఇప్పుడు రెంజల్లో, కమ్మర్‌పల్లిలో, నందిపేట్‌లో మా డబ్బాలు పనిచేస్తున్నాయి. రాజన్న బాయిలర్ మీదా ఒకటుంది. ఎవరి పెట్టుబడీ లేకుండా, నెమ్మదిగా, రైతులు ఒకరికొకరు చెప్పుకుని కొన్నవే అవన్నీ.

ఈ కాలమంతటిలో ఆ మూడు ముక్కల మాట మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. అడుగుతాడేమోనని మొదట్లో బెదురుతూ ఉండేదాన్ని. తర్వాత నేనే చెబుదామనుకున్నాను. బస్సు వేళకు రోజూ గుర్తొచ్చేది, ఆయన కుడిచేయి చాపి స్పానర్ అందుకున్నప్పుడల్లా ముడతపడ్డ ఆ చర్మం కనబడేది. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. ఒక పొద్దున తొమ్మిది దాటినా ఆయన రాలేదు. పదింటికి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయాడట.

మూడో రోజు ఒక్కదాన్నే బోధన్ వెళ్లాను. ఆయన భార్యను అంతకుముందు ఎన్నడూ కలవలేదు. షెడ్డు గడప మీద కూర్చుని ఉంది. లోపల ఇత్తడి పరికరం మీద తెల్ల తువ్వాలు అట్లాగే కప్పి ఉంది.

"నువ్వు కంపెనీ పిల్లవే గదా," అంది నన్ను చూసి. "పొద్దుగాల లేస్తే ఒకటే మాట. మా కంపెనీకి ఆలస్యమైతది, మా కంపెనీకి ఆలస్యమైతది."

ఆ మాట వినగానే నా ఏడుపు ఆగలేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు నందిపేట్ పొలంలో నేనేమన్నానో చెప్పేశాను. చేయి ఎందుకు కాలిందో చెప్పాను. ఆయన మా మనిషి కాదన్నాను చిన్నమ్మా అన్నాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

"నాకెరుకే బిడ్డా. గా దినమే సెప్పిండు," అంది. "కట్టు కట్టించుకొని వచ్చి గీడనే కూసున్నడు. పిల్ల బెదిరింది, గందుకే గట్లన్నది అన్నడు. రేపు జల్ది లేపు, మొదటి బస్సుకే పోవాలె, లేకపోతే సిగ్గుతోని పిల్ల దుకాణం బంద్ వెడతది అన్నడు."

ఆ మర్నాడు ఎనిమిదింటికే ఎందుకొచ్చాడో నాకు మూడేళ్లు దాటాక తెలిసింది. నేను అబద్ధమాడే టైం ఎప్పుడో ఆయన ఆ పొలంలోనే కనిపెట్టాడు. కనిపెట్టి, మర్నాడు గంట ముందే పనిలోకి వచ్చాడు.